ఎవరితో పోల్చి చూడాలి: రామలింగస్వామి పరిశోధన, హార్మోను వ్యాధుల పరీక్ష

ఆచార్య వులిమిరి రామలింగస్వామి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసాన్ని విశాఖపట్నం పాతనగరంలో, పూర్ణా మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఏర్పాటు చేసిన నిర్వాహకుల ఔచిత్యాన్ని ముందుగా ప్రస్తావించుకోవాలి. వైద్య కళాశాల ఆచార్యులు, విద్యార్థులు, రోగ నిర్ధారణ కేంద్రాల సాంకేతిక సిబ్బంది, బేరసారాల మధ్య తీరిక చేసుకుని వచ్చిన మార్కెట్ వర్తకులు ఇక్కడ ఉన్నారు. ఇన్ని రకాల శ్రోతలు ఒకే సభలో కూర్చోవడం ఈ విషయానికి తగినదే. ఇక్కడికి దగ్గరలోనే గుట్టమీద 1923 నుంచి నిలిచి ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రి వార్డుల్లో వైద్యవిద్య అభ్యసించిన ఒక శ్రీకాకుళం యువకుడు తరువాతి కాలంలో హిమాలయ లోయల్లో చేసిన పరిశోధన చివరికి తేల్చినది, పూర్ణా మార్కెట్ కిరాణా కొట్లలో బస్తాలుగా దిగే ఒక సరుకు గురించి. ఆ సరుకు ఉప్పు.

హార్మోను వ్యాధికి పరీక్ష అనగానే నేడు అందరికీ స్ఫురించేది మోచేతి మడత దగ్గర తీసిన కొద్దిపాటి రక్తం, సాయంత్రానికి చేతికందే ఒక కాగితం, దానిమీద ఒక అంకె, ఆ అంకె పక్కన ముద్రించిన హెచ్చుతగ్గుల హద్దులు. రోగి కళ్లు అంకె మీద నిలుస్తాయి. వైద్యుడి కళ్లు కూడా చాలాసార్లు అక్కడే ఆగుతాయి. అయితే ఈ శాస్త్రశాఖ నూరేళ్లకు పైబడిన చరిత్రను నిదానంగా పరిశీలిస్తే, ఏ కాలంలోనూ అంకె ఒంటరిగా ఏమీ చెప్పలేదని, ఎవరి కొలతను ఎవరి కొలతతో పక్కపక్కన పెట్టి చూశారన్న దానిమీదనే ప్రతి నిర్ధారణా ఆధారపడి ఉందని తెలుస్తుంది. పోల్చవలసిన వారిని సరిగా ఎంచుకున్నచోట శాస్త్రం ముందుకు సాగింది. తప్పుగా ఎంచుకున్నచోట, ఎంత సూక్ష్మమైన పరికరం చేతిలో ఉన్నా దారి తప్పింది. ఈ ఉపన్యాసం ప్రతిపాదించదలచిన విషయం ఇదొక్కటే. దానికి ఆధారంగా తీసుకున్నది థైరాయిడ్ గ్రంథి కథ. కారణం, ఆ కథలోని ప్రధాన ఘట్టం ఒక తెలుగువాడి చేతిమీదుగా నడిచింది.

గొంతు ముందుభాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకుని, రెండు తమ్మెలతో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఆహారంలోంచి రక్తంలోకి చేరిన అయోడిన్‌ను ఏరుకుని, నాలుగు అయోడిన్ పరమాణువులుండే థైరాక్సిన్‌ను, మూడే ఉండే ట్రైఅయడోథైరోనిన్‌ను ఇది తయారుచేస్తుంది. శరీరం శక్తిని ఖర్చుచేసే వేగం, గుండె నడక, పిల్లల ఎదుగుదల, అన్నింటికన్నా ముఖ్యంగా గర్భస్థ శిశువు మెదడు నిర్మాణం ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి. వీటి పాలు తగ్గిందని గ్రహించిన మరుక్షణం మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను ప్రేరేపించే మరో హార్మోనును, అంటే టీఎస్‌హెచ్‌ను, ఎక్కువగా విడుదల చేస్తుంది. ఆ ప్రేరణ నెలల తరబడి, ఏళ్ల తరబడి కొనసాగితే గ్రంథి పెరుగుతుంది. గొంతు దగ్గర వాపుగా బయటికి కనిపిస్తుంది. ఆయుర్వేదం గళగండమని, నేటి వైద్యం గాయిటర్ అని పిలిచేది ఈ వాపునే. పెద్దలకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే, అంటే నిండు జీవితానికి ఒక చెంచాడు. ఇంత స్వల్పమైన పదార్థం లోపిస్తే ఊళ్లకు ఊళ్లు మందబుద్ధి, చెవుడు, మూగతనం బారిన పడతాయన్న సంగతి చాలా కాలం ఎవరికీ నమ్మశక్యం కాలేదు.

థైరాయిడ్‌లో అయోడిన్ ఉందని జర్మనీలో బౌమన్ 1895లో గుర్తించాడు. హార్మోను అన్న మాటను 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. 1914 డిసెంబరు 25న అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1920ల ద్వితీయార్ధంలో హారింగ్టన్ దాని నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలోనే తయారుచేసి చూపాడు. రసాయనశాస్త్రం ఇంత స్పష్టంగా మాట్లాడుతున్న కాలంలోనే భారతదేశంలో గాయిటర్‌కు కారణం అయోడిన్ లోపం కాదని గట్టిగా నమ్మిన వాడు సామాన్యుడు కాదు. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు కూనూరులో పునాది వేసిన రాబర్ట్ మెకారిసన్.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మెకారిసన్ గిల్గిత్ ప్రాంతంలో పనిచేశాడు. అక్కడ ఒకే నీటికాలువ వెంట ఒకదాని తరువాత ఒకటిగా ఉన్న ఊళ్లలో, ఎగువన గాయిటర్ తక్కువగాను, దిగువకు పోయేకొద్దీ ఎక్కువగాను ఉన్నట్లు గమనించాడు. ప్రతి ఊరూ కాలువలో మురికిని కలుపుతోంది కనుక ఆ మురికిలోని సజీవమైనదేదో వ్యాధికి కారణమై ఉండాలని భావించి, నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తాను తాగి, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారిచేత తాగించి, కొందరి గొంతుల్లో వాపు రావడాన్ని నమోదు చేశాడు. మడ్డిని మరిగించి ఇచ్చినప్పుడు వాపు రాలేదు. సాహసంలోను, శ్రద్ధలోను ఈ ప్రయోగానికి వంకపెట్టడానికి లేదు. అయితే ఆయన పోల్చిన ఊళ్లన్నీ అయోడిన్ కొరత ఉన్న ఒకే లోయలోవి. అందరికీ సమానంగా ఉన్న కొరత ఆ పోలికలో కనిపించే అవకాశమే లేదు. కంటికి ఆనినది వారి మధ్య ఉన్న చిన్న తేడా, అంటే నీటి మురికి. లోటు అందరిదీ అయినప్పుడు దానిని చూడాలంటే లోటు లేనివారిని పక్కన నిలబెట్టాలి. మెకారిసన్ వంటి ప్రతిభావంతుడికే ఇది తట్టలేదంటే, ఈ పొరపాటు ఎంత సులభమైనదో ఊహించవచ్చు.

లోటు లేనివారు దొరకకపోతే లోటును పూడ్చి చూడాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్ పట్టణంలో మెరైన్, కింబల్ అనే వైద్యులు 1917 నుంచి చేసిన పని అదే. బడికి వెళ్లే ఆడపిల్లల్లో ఇష్టపడినవారికి సోడియం అయొడైడ్ ఇచ్చి, మిగిలినవారిని ఊరికే గమనించారు. అయోడిన్ తీసుకున్న 2,190 మందిలో ఐదుగురికి గ్రంథి పెరిగింది; తీసుకోని 2,305 మందిలో 495 మందికి పెరిగింది. ఈ అంకెలు చూసిన తరువాత సందేహానికి చోటుండకూడదు. అయినా ఒక ప్రశ్న మిగిలింది: మాత్రలకు ఒప్పుకున్న ఇళ్లు, ఒప్పుకోని ఇళ్లు తిండిలోను, ఆస్తిలోను, చదువులోను ఒకే రకమైనవేనా? స్విట్జర్లాండ్ 1922 నాటికే ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టింది. వానలు, ఉక్కపోత, పేదరికం ఉన్న దేశంలో ఉప్పు ద్వారా అయోడిన్ ఇస్తే లక్షలాది జనంలో అదే ఫలితం వస్తుందా అన్న దానికి మాత్రం జవాబు లేదు. ఆ జవాబు రామలింగస్వామి రాక కోసం ఎదురుచూసింది.

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టిన రామలింగస్వామి విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1944లో వైద్య పట్టాను, 1946లో ఎం.డి.ని అందుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన పట్టం పొందాడు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో, అంటే మెకారిసన్ నెలకొల్పిన చోటనే, పనిచేశాడు. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యుడిగా చేరి, 1969 నుంచి 1979 వరకు దానికి సంచాలకుడిగాను, 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలికి మహాసంచాలకుడిగాను ఉన్నాడు. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు. 2001లో కన్నుమూశాడు. పదవుల జాబితా ఇంకా పొడవైనదే కాని, ఈ సభకు కావలసినది ఆ జాబితా కాదు. రోగి శరీరంలోని కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడటమే వృత్తిగా పెట్టుకున్న ఒక పాథాలజిస్టు, సూక్ష్మదర్శినిని పక్కన పెట్టి కొండలెక్కి లక్షమంది గొంతుల గురించి ఆలోచించడమే ఇక్కడ కావలసినది.

నేడు హిమాచల్‌ప్రదేశ్‌లో, అప్పట్లో పంజాబ్‌లో ఉన్న కాంగ్రా లోయలో 1956లో ఈ పరిశోధన మొదలైంది. సుమారు లక్షమంది జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. మూడింటిలోను గాయిటర్ ఉన్నవారు నూటికి దాదాపు 38 మంది, అంటే పరిశోధన మొదలయ్యేనాటికి మూడు మండలాల స్థితి ఇంచుమించు ఒకటే. మొదటి మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, మూడవదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు సరఫరా చేశారు. రెండవ మండలానికి మామూలు ఉప్పే వెళ్లింది. ఇక్కడ ఎవరూ మాత్ర మింగలేదు, ఎవరి ఇష్టాయిష్టాలతోను ఎంపిక జరగలేదు. ప్రతి ఇంటిలోను పప్పులో, కూరలో పడే ఉప్పే మందు. అక్రాన్‌లో మిగిలిపోయిన సందేహానికి కాంగ్రాలో చాలావరకు తావులేకుండా పోవడానికి కారణం, మనుషులను ఒక్కొక్కరిగా కాక ప్రాంతాలుగా పోల్చడమే. రెండు రసాయనాలను వేరువేరుగా వాడటంలోను దూరదృష్టి ఉంది: తేమ ఎక్కువగా ఉండే వాతావరణంలో అయొడైడ్ నిలవ ఉండదు, అయొడేట్ నిలుస్తుంది. భారతదేశంలో ఉప్పుకు నేడు వాడుతున్నది అయొడేటే.

గాయిటర్‌ను ఎలా కొలిచారన్నది దగ్గరగా చూడదగిన విషయం. వైద్యుడు మనిషి ఎదుట నిలబడి, గొంతుకు రెండు పక్కలా బొటనవేళ్లు ఆనించి, గుటక వేయమని చెప్పి, వేళ్ల కింద పైకి కదిలి మళ్లీ దిగే గ్రంథిని తడిమి చూస్తాడు. గ్రంథి ఎంత ఉంటే పెరిగినట్లు? 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణ ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన ప్రమాణం ప్రకారం, ఒక్కొక్క తమ్మె ఆ మనిషి సొంత బొటనవేలి చివరి కణుపుకన్నా పెద్దదిగా ఉంటే అది గాయిటర్. వైద్యుడి వేలు కాదు, పరీక్షకు నిలబడిన వ్యక్తి వేలు. ఆరేళ్ల పిల్లకు ఆరేళ్ల పిల్ల వేలే కొలబద్ద. బరువులు మోసే కూలీకి కూలీ వేలు. ఖర్చులేని ఈ కొలతలో ఎంత వివేకం ఉందో నేటి ప్రయోగశాలలు గ్రహించవలసి ఉంది. దీనితోపాటు మూత్రంలో అయోడిన్ ఎంత పోతున్నదో, రేడియోధార్మిక అయోడిన్‌ను కొద్దిపాటి మోతాదులో ఇచ్చినప్పుడు గ్రంథి ఎంత ఆబగా దానిని లాక్కుంటున్నదో కూడా పరిశీలించారు. కొరతలో ఉన్న గ్రంథి దొరికిన అయోడిన్‌ను వదలదు. మూత్రంలోకి పోయేది తగ్గుతుంది, గ్రంథిలోకి చేరేది పెరుగుతుంది. హిమాలయ గాయిటర్‌కు మూలం అయోడిన్ లోపమేనని రామలింగస్వామి, సహచరులు 1961లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

1962 నాటికి మూడు మండలాల ఫలితాలు వచ్చాయి. అయోడిన్ ఉప్పు వెళ్లిన ఒక మండలంలో గాయిటర్ సగానికి తగ్గింది, మరొకదానిలో సగంకన్నా కిందికి దిగింది. మామూలు ఉప్పు తిన్న రెండవ మండలంలో ఏ మార్పూ లేదు. ఆ తరువాత రెండవ మండలానికి కూడా అయోడిన్ ఉప్పు అందించారు, అక్కడా వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఈ కథను చాలామంది ఇక్కడితో ముగిస్తారు. కాని ఆ ఆరేళ్లలో రెండవ మండలంలో పుట్టిన పిల్లల సంగతి ఏమిటి అన్న ప్రశ్నను తప్పించుకోవడం ఈ శాస్త్రానికి గౌరవం కాదు. నాటి నీతి ప్రమాణాలు వేరు, నాడు ఆ ఉప్పు దేశంలో మామూలుగా దొరికేది కాదు, రెండవ మండలం నుంచి తీసివేసినది ఏమీ లేదు. ఈ సమాధానాలన్నీ నిజమే. అవన్నీ కలిసినా ప్రశ్నను పూర్తిగా తుడిచివేయవు. పోలిక కోసం పక్కన నిలబడినవారు కూడా ఇచ్చేది ఉంటుంది, అది కొన్నిసార్లు చాలా విలువైనది. రెండవ మండలం లేకుండా కాంగ్రా పరిశోధన ప్రపంచాన్ని ఒప్పించగలిగేది కాదన్నది మరో నిజం. ఈ రెండు నిజాలనూ పక్కపక్కనే పెట్టుకుని ఉండటం తప్ప గత్యంతరం లేదు.

1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. తొలి ఇరవై ఏళ్లు అది కుంటుతూనే నడిచింది. 1983లో ప్రైవేటు తయారీదారులకు అనుమతి లభించింది. తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలన్న నిర్ణయం 1984లో జరిగింది. 1992లో కార్యక్రమం పేరులో గాయిటర్‌కు బదులు అయోడిన్ లోప రుగ్మతలన్న మాట చేరింది. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మరాదన్న నిషేధం 1997లో ప్రకటితమై, 2000లో ఎత్తివేతకు గురై, 2006 మే నుంచి మళ్లీ అమలులోకి వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు పాత నిబంధన చట్టబద్ధతను తోసిపుచ్చగా, కొత్త ఆహార భద్రతా నిబంధనల కింద నిషేధం కొనసాగింది. ప్రజారోగ్యంలో తేల్చిన సత్యానికి, అమలయ్యే సత్యానికి మధ్య ఎంత కాలం గడుస్తుందో ఈ తేదీలు చెబుతాయి.

సముద్రపు ఒడ్డున ఉన్నవారికి అయోడిన్ లోపం రాదన్న నమ్మకం విశాఖలో నేటికీ వినిపిస్తుంది. ఇది సరికాదు. సముద్రపు నీటిలో అయోడిన్ స్వల్పంగా ఉన్న మాట నిజమే కాని, మడుల్లో నీరు ఎండి ఉప్పు గట్టిపడేటప్పుడు అది ఉప్పులోకి రాదు, మిగిలిన చేదునీటితోనే పోతుంది. రామలింగస్వామి సొంత జిల్లాలోని నౌపడ మడుల్లో పండిన తెల్లటి గల్లుప్పు అయినా, అయొడేట్ జల్లనిదే గాయిటర్‌ను ఆపలేదు. ఇక తూర్పు కనుమల్లో పరిస్థితి మరింత సున్నితమైనది. ఏటవాలు నేలలు, భారీ వర్షాలు మట్టిలోని అయోడిన్‌ను కడిగివేస్తాయి. వెదురు కొమ్ముల వంటి కొన్ని ఆహారాల్లోని పదార్థాలు గ్రంథి అయోడిన్‌ను గ్రహించే శక్తిని తగ్గిస్తాయి. పాడేరు, అరకు సంతల్లో కొండ సరుకు అమ్ముకుని తిరుగుదారిలో గిరిజనులు తప్పనిసరిగా కొనే సరుకు ఉప్పే. కాంగ్రా పరిశోధన మొదలైన 1956లోనే, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని డిపోల ద్వారా కొండకు చేరే సరుకుల్లోను ఉప్పు ఉంటుంది. కింది బజారులో బస్తా మీద రాసినది, కొండమీద కూరలో పడినది ఒకటేనా అన్నది విశాఖ వైద్యానికి ఎప్పటికీ పాతబడని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్షలు ఉన్నాయి, చాలా చవకైనవి. వినియోగదారుడి దగ్గరికి చేరేసరికి ఉప్పులో మిలియనుకు 15 పాళ్ల అయోడిన్ ఉండాలి. చిటికెడు ఉప్పుమీద పరీక్ష ద్రవం చుక్క వేస్తే, అందులోని గంజి అయోడిన్‌తో కలిసి నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే అయోడిన్ అంత ఎక్కువ. మూత్రపరీక్ష దీనికన్నా లోతైనది. సెరిక్ అమ్మోనియం సల్ఫేట్ అనే పసుపుపచ్చని ద్రావణం ఆర్సీనియస్ ఆమ్లం సమక్షంలో నెమ్మదిగా రంగు కోల్పోతుంది. అయోడిన్ ఉంటే వేగంగా కోల్పోతుంది. 1937లో శాండెల్, కోల్టాఫ్ వివరించిన ఈ చర్యలో, పసుపు వన్నె ఎంత సేపటిలో వెలిసిందన్న దానినిబట్టి అయోడిన్‌ను లెక్కగడతారు. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఒక మనిషి మూత్రంలో ఒకరోజు దొరికిన అయోడిన్ ఆ మనిషి గురించి దాదాపు ఏమీ చెప్పదు, అది పూటపూటకూ మారుతుంది. ఒక ఊళ్లో తగినంత మందిని పరీక్షించి, వారి కొలతలను వరుసగా పేర్చి మధ్యన నిలిచినదానిని చూస్తే, లీటరుకు 100 మైక్రోగ్రాములకన్నా అది తక్కువైతే ఆ ఊరికి అయోడిన్ చాలడంలేదని తెలుస్తుంది. ఇది వ్యక్తికి కాదు, ఊరికి చేసే వైద్యపరీక్ష. ప్రైవేటు ప్రయోగశాలలకు ఇందులో లాభం లేదు కనుక దీని గురించి రోగులెవరూ వినరు.

రక్తంలోని హార్మోనును నేరుగా కొలిచే విద్య మరో దారిలో వచ్చింది. న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్ తీసుకునే రోగుల శరీరాల్లో ఆ ఇన్సులిన్‌ను అంటిపెట్టుకునే ప్రతిరక్షకాలు తయారవుతున్నాయని 1956లో చూపారు. ఆ ప్రతిరక్షకాలనే కొలసాధనంగా మలచవచ్చని వారికి తోచింది. రేడియోధార్మిక ముద్ర వేసిన కొంత హార్మోనును రోగి రక్తంలోని హార్మోనుతో కలిపి, పరిమితంగా ఉన్న ప్రతిరక్షకాల కోసం రెండింటినీ పోటీపడనిస్తే, రోగి హార్మోను ఎంత ఎక్కువగా ఉంటే ముద్రవేసినది అంత తక్కువగా అతుక్కుంటుంది. 1959, 1960లలో వెలువడిన ఈ రేడియోఇమ్యునోఅసే పద్ధతితో, గ్రాములో వందకోట్లవ వంతు కన్నా స్వల్పమైన పదార్థాలను కొలవడం సాధ్యమైంది. దీనికి వారు పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లో మరణించగా, యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. నేటి యంత్రాల్లో రేడియోధార్మికతకు బదులు వెలుగును వెలువరించే రసాయనాలు వాడుతున్నారు కాని, వెనుక ఉన్న ఆలోచన అక్కడినుంచి వచ్చినదే. ఆ పద్ధతి సారం కూడా తెలిసిన పరిమాణంతో తెలియని పరిమాణాన్ని పోల్చడమేనన్నది గమనించదగినది.

టీఎస్‌హెచ్‌ను ఇలా కొలవగలిగిన తరువాత గాయిటర్ చర్చ గొంతు నుంచి మెదడుకు మారింది. రామలింగస్వామి బృందంలో పనిచేసిన కొచ్చుపిళ్లై, సహచరులు 1980ల తొలిభాగంలో ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లో పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, ఢిల్లీ, కేరళ శిశువులతో పోల్చి చూశారు. కొరత జిల్లాల్లో థైరాయిడ్ లోపంతో పుడుతున్న బిడ్డల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. గొంతువాపు సౌందర్యానికి సంబంధించిన బాధ అనుకునేవారికి ఇది గట్టి జవాబు. తెలుగునాట, హైదరాబాదు ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులపై ఎ. రాధారమాదేవి, నౌషాద్ జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో పుట్టుకతో థైరాయిడ్ లోపం ఇంచుమించు 1,700 మందిలో ఒకరికి కనిపించింది. మడమ పక్కన సూదితో గుచ్చి, మందమైన వడపోత కాగితం మీది వలయాల్లో రక్తపు చుక్కలు నింపి, ఆరబెట్టి ప్రయోగశాలకు పంపడంతో సరిపోయే పరీక్ష ఇది. పుట్టిన అరగంటలోపే ప్రతి ఆరోగ్యవంతమైన బిడ్డకూ టీఎస్‌హెచ్ ఎగసిపడి రెండు మూడు రోజుల్లో దిగుతుంది కనుక, మొదటిరోజు తీసిన చుక్కను నాలుగోరోజు హద్దులతో చూస్తే లేని వ్యాధిని అంటగట్టినట్లవుతుంది. తల్లిని రెండో రోజే ఇంటికి పంపే ఆసుపత్రుల్లో ఈ చిక్కు రోజూ ఎదురవుతుంది.

పెద్దల విషయానికి వస్తే, రిపోర్టులో అచ్చయ్యే హద్దులు ఎక్కడినుంచి వస్తాయని అడిగే రోగి అరుదు. ఆరోగ్యవంతులుగా భావించిన కొందరి రక్తాన్ని పరీక్షించి, ఆ కొలతల్లో నడిమి 95 శాతాన్ని తీసుకుని, రెండు అంచులనూ హద్దులుగా నిలుపుతారు. అంటే నిర్వచనం ప్రకారమే ఆరోగ్యవంతుల్లో నూటికి ఐదుగురు హద్దు బయట ఉంటారు. ఆ కొందరు ఏ దేశంవారు, ఏ వయసువారు, ఎంత అయోడిన్ తినేవారు అన్నది కిట్టు తయారుచేసిన సంస్థ కరపత్రంలో ఉంటుంది. దానిని చదివేవారు తక్కువ. హైదరాబాదుతో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనం, థైరాయిడ్ లోపం నూటికి దాదాపు 11 మందిలో ఉందని తెలిపింది. నూటికి సుమారు 22 మందిలో గ్రంథిపై దాడిచేసే ప్రతిరక్షకాలు కనిపించాయి. అయోడిన్ అందుతున్న నగరాల్లో కూడా వ్యాధి ఉందని, దాని మూలం ఇప్పుడు శరీరపు సొంత రక్షణ వ్యవస్థలో ఉందని ఇది సూచిస్తుంది. ఉప్పు విఫలమైందని దీనికి అర్థం కాదు. ఒక కారణం వెనక్కి తగ్గినచోట మరొకటి బయటపడింది.

హద్దుకు కాస్త ఆవల ఉన్న అంకెకు మందు వేయాలా? ఇక్కడే ఈ రంగపు క్లినికల్ పరిశోధన తన నిజమైన సత్తాను చూపింది. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ ఒక్కటే కొద్దిగా పెరిగిన 737 మంది ఐరోపా వృద్ధులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు లీవోథైరాక్సిన్, మరొకదానికి అదే రూపంలో ఉన్న ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపిన పరీక్ష 2017లో వెలువడింది. మందు తీసుకున్నవారి అలసటలోను, ఇతర బాధల్లోను చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. అదే సంవత్సరం ప్రచురితమైన మరో పరిశోధనలో బెంగుళూరు, బ్యాంకాక్ నగరాల్లో స్వల్పంగా అయోడిన్ కొరత ఉన్న 832 మంది గర్భిణులకు ఇదే విధంగా రోజుకు 200 మైక్రోగ్రాముల అయోడిన్‌నో, ఉత్తి మాత్రనో ఇచ్చి, పిల్లలకు ఐదారేళ్లు వచ్చాక తెలివితేటలు కొలిచారు, తేడా లేదు. కొరత తీవ్రంగా ఉన్న తరాయి కథ ఒకటి, కొరత స్వల్పంగా ఉన్న నగరం కథ మరొకటి. కాంగ్రా రెండవ మండలాన్ని తలచుకుంటే కలిగే ఇబ్బంది ఇక్కడ కలగదు, ఎందుకంటే ఉత్తి మాత్ర ఇచ్చిననాడు జవాబు నిజంగానే ఎవరికీ తెలియదు, పాల్గొన్నవారు తెలిసి ఒప్పుకున్నారు.

ప్రయోగశాల లోపలి జాగ్రత్తల గురించి రెండు మాటలు చాలు. టీఎస్‌హెచ్ రాత్రివేళ పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది; అందువల్ల ఒకే మనిషి కొలతలను ఒకదానితో ఒకటి పోల్చదలిస్తే అన్నింటికీ ఒకే వేళన, ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకోకముందే, రక్తం తీయాలి. జుట్టు కోసం, గోళ్ల కోసం నేడు విరివిగా వాడుతున్న బయోటిన్ మాత్రలు, ఆ విటమిన్‌నే జిగురుగా వాడుకునే కొన్ని యంత్రాలను మోసగిస్తాయి: టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, థైరాక్సిన్ ఎక్కువగా కనిపించి, నిక్షేపంలా ఉన్న మనిషికి గ్రంథి విపరీతంగా పనిచేస్తున్నట్లు రిపోర్టు వస్తుంది. కింగ్ జార్జి ఆసుపత్రి చుట్టూ ఉన్న వీధుల్లో రక్తం తీసే కుర్రవాడు సూది పట్టుకునేముందు బయోటిన్ సంగతి ఒక్క మాట అడిగితే చాలా అనర్థం తప్పుతుంది.

ఇక మిగిలినది విశాఖకు ప్రత్యేకంగా సంబంధించిన పని. గర్భిణుల్లో టీఎస్‌హెచ్ హద్దులు మామూలు స్త్రీల హద్దులు కావు, మొదటి మూడు నెలల్లో అవి కిందికి జరుగుతాయి. ఏ ప్రాంతపు గర్భిణులకు ఆ ప్రాంతపు హద్దులే ఉండటం మేలని వైద్యసంఘాలు చెబుతున్నాయి. ఒక హద్దును నిలపడానికి సాధారణంగా సిఫారసు చేసే సంఖ్య 120 మంది. మూడు త్రైమాసికాలకు, తీరానికి, మన్యానికి వేరువేరుగా లెక్కవేసినా ఏడు వందల పైచిలుకు స్త్రీలు. ఒక వైద్య కళాశాల శక్తికి మించిన పని కాదు. అయితే ప్రతిరక్షకాలు లేనివారిని, గ్రంథి పెరగనివారిని, అయోడిన్ చాలినంత అందుతున్నవారిని మాత్రమే ఇందులో చేర్చుకోవాలి. అందువల్ల మన్యంలో ఈ పని రక్తంతో మొదలు కాజాలదు. ముందు సంతలో అమ్మే ఉప్పును, తరువాత ఊరి మూత్రంలోని అయోడిన్‌ను పరీక్షించి, కొరత లేదని తేలిన ఊళ్లనుంచే ఆ స్త్రీలను ఎంచుకోవాలి. కొరత ఉందని తేలిన ఊళ్లకు హద్దుల కన్నా ముందు ఉప్పు చేరాలి.